ఇంట వాయించుకొను గిటారు

వస్తువులను గొనువారు రెండు తెగలు. వాడుకొనుటకు గొనువారు మొదటి తెగ. ఇరుగుపొరుగువారు చూచుటకు గొనువారు రెండవ తెగ. మేము మొదటి తెగలోని వారమని చిరకాలము నమ్మియుంటిమి. నిరుడు మా యింటికొక గిటారు కొనవలసివచ్చినప్పుడు ఆ నమ్మకము సడలినది. ఆ వృత్తాంతమును దాపఱికము లేక చదువరులకు విన్నవించుచున్నాము. ఇందు మా గొప్ప యేమియు లేదు. మా తప్పు మాత్రము కొంత కలదు.

మేము బెజవాడ ఆటోనగరమునందు లారీ విడిభాగములమ్ము నొక యంగడిలో జమాఖర్చులు వ్రాయువారము. 1960 దశకమున నేర్పడిన యీ పేట యెట్టిదో యీ ప్రాంతపు వారికి జెప్పనక్కఱలేదు. ఒక సందున లారీలకు బాడీలు కట్టుదురు. ఇంకొక సందున ఇంజన్లు విప్పుదురు. వేఱొక సందున లేతుమిషన్లు తిరుగుచుండును. రేకులమీది సుత్తిదెబ్బలు ప్రొద్దుటినుండి దీపములు పెట్టువఱకు నాగవు. ఇట్టి చోట పగలెల్ల గడపినవానికి రాత్రి యింట గొంచెము సంగీతము వినవలెనని కోరిక గలుగుట వింత గాదు.

మా యమ్మాయి 13వ పుట్టినరోజునకు గిటారు కావలెనని కోరినది. అంతర్జాలమున వెదకి 3,500 రూపాయల కొకటి తెప్పించితిమి. నల్లని రంగు, అద్దమువంటి మెఱుగు. చూచినవారెల్లరు బాగున్నదనిరి, వాయించి చూచినవారెవరును లేరు. పటమటలో గిటారు నేర్పు మాస్టారొకరి యొద్దకు వారమునకు రెండు దినములు పిల్లను బంపుచుంటిమి. మొదట దినమునకు గంటసేపు సాధన చేసెడిది. కొన్నాళ్లకది పావుగంట యయ్యెను. రెండేండ్లు గడచునప్పటికి వారమున కొకనాడు పెట్టె విప్పుటయు గష్టమయ్యెను.

మేము కోపపడితిమి. తల్లిదండ్రుల సొమ్మనిన లెక్కలేదంటిమి. నాలుగు నాళ్ల ముచ్చటంటిమి. అది తల వంచుకొని, "వేళ్లు నొప్పెడుతున్నాయి నాన్నా, తీగె అసలు అణగట్లేదు" అనినది. "కాయలు కాయనిదే విద్య రాదు" అని మేము పెద్దతనము చూపితిమి. ఆ మాట కొంతవఱకు నిజమే. ఉక్కుతీగల వాద్యము మొదలిడిన యెవ్వరికైనను తొలినెలలలో వ్రేళ్లు మండును. కాని రెండేండ్లయిన పిమ్మటను నొప్పి తగ్గలేదన్న నది వ్రేళ్ల దోషమో, వాద్యపు దోషమో విచారింపవలసిన బాధ్యత మాది. మేము విచారింపలేదు. తీర్పు మాత్రము చెప్పితిమి.

ఒకనాడు మాస్టారే మమ్ము బిలిచి, "అమ్మాయికి మంచి చెవి ఉందండీ. ఈ గిటారు మాత్రం ఇక లాభం లేదు. వీలైతే కొంచెం మెరుగైనది చూడండి" అని చెప్పిరి. ఇంట సభ కూడినది.

మొదట మాట్లాడినవారు మా పెద్దనాన్నగారు. "పరదేశపు వాయిద్యం మనకెందుకురా? ఇంట్లో వీణ ఉండగా!" అని వారి యభిప్రాయము. వారియెడ మాకు గౌరవము కలదు గాని యీ వాదము నిలుచునది గాదు. నేడు వయొలిను లేని కర్ణాటక సంగీత సభ యెచ్చట నున్నది? అదియు పడమటి దేశములనుండి వచ్చినదే. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడైన బాలుస్వామి దీక్షితులు (1786-1858) దానిని మన సంగీతమునకు జేర్చినవారిలో ముఖ్యులు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు (1893-1964) తెలుగునాట దానికి గొప్ప పేరు దెచ్చిరి. పాలకొల్లున 1969లో జన్మించిన శ్రీనివాసు మాండలినునే తన యింటిపేరు జేసికొనెను. వాద్యము ఏ యోడలో వచ్చినదని కాదు, ఏ చేతిలో బడినదని యడుగవలెను. ఇంతయు విన్నవింపగా పెద్దనాన్నగారు, "అయితే ఆ వీణ ఎవరు వాయిస్తున్నారో చెప్పు" అనిరి. ఆ ప్రశ్నకు మా యొద్ద నుత్తరము లేదు. దాని సంగతి ముందు వచ్చును.

రెండవవాడు మా బావమరిది. "కొనేదేదో మంచిదే కొనండి బావగారూ. నలుగురూ చూసినా బాగుండాలి. నెలనెలా కట్టుకోవచ్చు" అని యతడు మమ్ము, అమ్మాయిని గవర్నరుపేటలోని యొక వాద్యముల యంగడికి గొనిపోయెను. అంగడివారు గాజు బీరువాలోనుండి 62,000 రూపాయల గిటారును దీసి మెత్తని గుడ్డపై నుంచిరి. ముందుపలక లేత పసుపు. వెనుకభాగము ఎఱ్ఱచారల చేవకఱ్ఱ. మాకు దాని స్వరము వినబడకముందే దాని వెల చెవిలో మ్రోగెను. నెలకు 3,000 చొప్పున 24 నెలలు. ఆ రెంటిని గుణించిన 72,000 అగునని, అనగా 10,000 వడ్డీయని, పరుల లెక్కలు దినమెల్ల వ్రాయు మాకు ఆ క్షణమున దోచలేదు. మా మనస్సున మెదలినది పండుగకు వచ్చు బంధువుల ముఖములు.

సంతకము చేయుటకు గలము దీసితిమి. అమ్మాయి ఆ గిటారును ఒడిలో నుంచుకొని, తీగలను ముట్టక, మెల్లగా నడిగినది: "దీనికి గీత పడితే తిడతావా నాన్నా?"

మేము కలము జేబులో బెట్టుకొని యింటికి వచ్చితిమి. బావమరిదికి గోపము వచ్చినది, తరువాత బోయినది.

ఇప్పుడు వీణ సంగతి. మా భార్య పెండ్లికి బూర్వము ఆఱేండ్లు వీణ నేర్చినది. బెజవాడకు సుమారు 45 కిలోమీటర్ల దూరమున నున్న నూజివీడు వీణల పనికి బేరుబడిన యూరు. మా మామగారచట పనసకఱ్ఱతో వీణ చేయించి యామెకిచ్చిరి. పెండ్లిచూపులనాడు ఆమె రెండు కీర్తనలు వాయించెను. మా తల్లిగారు తల యూచిరి. మేమును దలయూచితిమి. పెండ్లియైన వారమునకు ఆ వీణ బీరువామీది కెక్కినది. ఖరీదైన వస్తువు, పిల్లలు పుట్టిన ముట్టుకొందురని మేమే గుడ్డ కప్పించితిమి. మెట్లను నిలుపు మైనము ఎండలకు గరగి, చలికి బిగిసి బీటలువాఱెను. తీగలు త్రుప్పు పట్టెను. ఇరువది యేండ్లలో నొకనాడైనను "ఒక కీర్తన వాయించు" అని మేమడిగిన గుర్తు లేదు. ఆడపిల్లకు సంగీతము నేర్పుట పెండ్లిచూపుల పళ్లెములో నొక తాంబూలమువలె మాకు దోచెనేమో! విద్యకు ముగింపు వివాహమని యెవరును శాసింపలేదు. మాబోటివారు గుడ్డ కప్పుటచేతనే యది ముగిసినది. గీత పడునేమోయని అమ్మాయి యడిగినప్పుడు మాకా గుడ్డ కనబడినది.

మఱునాడు అంగడికి గాస్కెట్లకై వచ్చిన యింజను మేస్త్రితో నీ మాట లాడుచుంటిమి. అతడు నవ్వి, "బండి లాగట్లేదని ఇంజను మార్చేస్తామా గుమాస్తాగారూ? ముందు ఎక్కడ పట్టేస్తోందో చూడాలి గదండీ. పాతది పట్టుకురండి, చూద్దాం" అనెను. ఆదివారము అమ్మాయితో, నల్లగిటారుతో వాని షెడ్డునకు బోయితిమి. అమ్మాయి చేతిలో నొక నోటుపుస్తకము కలదు. తీగ యెంత యెత్తున నుండవలెనో, మెడ యెంత వంగవచ్చునో అది యెన్నడో చదివి వ్రాసికొని యున్నది. మేమడుగలేదు గనుక చెప్పలేదు.

మేస్త్రి వాల్వుల సందు చూచు ఫీలరు గేజి తీసి, దాని రేకులను జతచేసి, 12వ మెట్టుమీద లావు తీగక్రింద దూర్చెను. ఎత్తు 4.5 మిల్లీమీటర్లు తేలినది. నోటుపుస్తకములోని లెక్క 2.5. "ఇంత ఎత్తయితే నా వేలికే అణగదు, పాప వేలికి ఏమణుగుద్దండీ!" అని యతడనిన మాట మా చెవిలో నేటికిని గలదు.

దోషమునకు మూలములు మూడు కనబడినవి. మొదటిది, వంతెనమీద తీగల నెత్తిపట్టు శాడిలు అను తెల్లని బద్ద మిక్కిలి యెత్తు. 12వ మెట్టు తీగ పొడవునకు నడుమ నుండును గనుక, అచట 1 మిల్లీమీటరు తగ్గవలెనన్న శాడిలును 2 మిల్లీమీటర్లు అరగదీయవలెను. ఇది అమ్మాయి చెప్పగా మేస్త్రి వెంటనే గ్రహించెను. రెండవది, మెడ చివర తీగలు దిగు గాట్లు లోతు చాలవు. ఆ భాగమును నట్టు అందురు. నట్టనగానే మేస్త్రి స్పానరు కొఱకు జూచెను, అందఱము నవ్వితిమి. మూడవది పెద్దది. సాధారణపు లావు ఉక్కుతీగలు ఆఱును గలిసి మెడను లాగు బలము 70 కిలోలకు మించును. మన డెల్టాలో నొక వడ్లబస్తా బరువునకు దగ్గఱ. ఆ లాగుడునకు ఎదురు నిలుచుటకు మెడలో నొక యినుపకడ్డీ యుండును. మా గిటారులో నది యుండియు బనిచేయలేదు. అలెన్ కీతో నెంత త్రిప్పినను మెడ కదలలేదు.

అంతట నాగక టేపుతో గొలిచితిమి. నట్టునుండి 12వ మెట్టునకు 325 మిల్లీమీటర్లు. అటనుండి శాడిలునకు 333. రెండవ దూరము రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ యుండుట న్యాయమే, ఏలయన అణచినప్పుడు తీగ సాగి స్వరము హెచ్చును. ఎనిమిది యన్నచో స్వరము దిగజాఱును. అమ్మాయి పైమెట్లమీద శ్రుతి తప్పుచున్నదని మేము వెక్కిరించిన దినములు కలవు. శ్రుతి తప్పినది గిటారు.

మేస్త్రి గాజుపలకమీద నునుపు కాగితము పఱచి శాడిలును అరగదీసెను. సన్నని ఆకురాయితో గాట్లు సరిచేసెను. కొంచెము సన్నని తీగలు వేసితిమి. వానికి లాగుడు తక్కువ. ఎత్తు 3.5కు వచ్చినది. అంతకు దిగుటకు శాడిలులో మిగులు లేదు. ఆ రాత్రి అమ్మాయి, ఎవరును జెప్పకయే, గంటసేపు వాయించినది. మేము వసారాలో గూర్చుండి విని సిగ్గుపడితిమి.

కాని శ్రుతిదోషము తీఱలేదు. మెడను సరిచేయించుటకగు ఖర్చు గిటారు వెలను మించును. కావున క్రొత్తది కొనుట తప్పదని తేలినది. అయినను ఇప్పుడు మేము కొనబోవునది ప్రతిష్ఠ గాదు; తక్కువ యెత్తు, నిలుకడగల మెడ, సరియైన శ్రుతి. ఏది కావలెనో తెలిసినవానికి అంగడిలో భయము తగ్గును.

కఱ్ఱ సంగతియు గొంత తెలిసికొంటిమి. గిటారునకు ప్రాణము ముందుపలక. తీగ కదలిక వంతెనద్వారా ఆ పలకకు దిగి, పలక కంపింపగా గాలి కంపించును. చౌకవానిలో పలచని పొరలను జిగురుతో నంటించిన ప్లైవుడ్డు పలక యుండును. అది గట్టిది గాని మందముగా మ్రోగును. ఒకే కఱ్ఱనుండి కోసిన పలక, ముఖ్యముగా స్ప్రూసు అను శీతలదేశపు చెట్టుది, తేలికగా గంపించును. కాలముతో నింకను దెఱచుకొనునని వాయించువారు చెప్పుదురు. వెనుకభాగమును, ప్రక్కలును గూడ ఒకే కఱ్ఱవైన గిటారులు ప్రియములు. 62,000ది అట్టిది. అది మేలైనదే, కాదనము. కాని యట్టి కఱ్ఱకు గాలిలోని తేమ నూటికి 45 మొదలు 55 వఱకు నుండుట హితము. మన బెజవాడలో మే నెల వడగాలికి కఱ్ఱ ముడుచుకొనును. శ్రావణపు ముసురునకు ఉబ్బును. ఉబ్బిన పలక తీగల నెత్తును. ముడిచిన పలక బీటలువాఱును. ముందుపలక మాత్రము ఒకే కఱ్ఱయై, తక్కినది పొరలకఱ్ఱయైన గిటారు ఈ యిబ్బందికి గొంత తాళును. వెలయు మూడింట నొకవంతు. ఇంట వాయించుకొనువారికి ఈ మధ్యమార్గమే క్షేమమని మాకు దోచినది.

పరిమాణమును గూడ విచారించితిమి. అంగళ్లలో నెక్కువగా గనబడు పెద్దపొట్ట గిటారునకు డ్రెడ్‌నాట్ అని యొక యాంగ్ల యుద్ధనౌక పేరు. ఆ యాకారమును అమెరికాలోని మార్టిన్ కంపెనీవారు 1916లో నొక వర్తకుని కొఱకు జేయ నారంభించిరి. పదిమంది నడుమ పాటకు దోడుగా బిగ్గఱగా మ్రోగుటకది తగినది. మూడు గదుల యింట, ప్రక్కవాటాలో వృద్ధులు నిద్రించుచుండగా యుద్ధనౌక యేల? నడుము సన్నని చిన్న గిటారు పిల్ల చేతికి జక్కగా నమరును.

ఈ మాఱు అంగడికి బావమరిదిని గాక మా భార్యను దోడు పిలిచితిమి. ఆమె మొదట, "నాకేం తెలుసండీ గిటారు సంగతి" అనినది. "శ్రుతి తెలియును గదా" అంటిమి. ఆమె గోడవైపు ముఖము పెట్టి కూర్చుండెను. అమ్మాయి నాలుగు గిటారులమీద వరుసగా నొకే పల్లవిని వాయించినది. వెలలు మేము గాని, అంగడివారు గాని చెప్పలేదు. మా భార్య రెండింటిని త్రోసివేసెను; ఒకటి "డబ్బా మోతగా ఉంది", ఒకటి "పైన శ్రుతి నిలవట్లేదు". మూడవదానికి, "ఇది బాగుంది, మీటాక నాదం ఆగుతోంది" అనినది. నాలుగవదానికి కొంచెము తడవు ఊరకుండి, "ఇది ఇంకా బాగుంది. కానీ ఆ తేడా దీని వేళ్లకి తెలియడానికి ఇంకో అయిదేళ్లు పడుతుంది" అనినది. మూడవది 17,500, నాలుగవది ఆ 62,000దే. ఇరువది యేండ్లు బీరువాక్రింద నిద్రించిన యా చెవి యింత పదునుగా నుండుట చూచి మేము నివ్వెఱపోయితిమి. అంగడి కుఱ్ఱవాడు మాత్రము, "అమ్మగారు సంగీతం టీచరా అండీ?" అని యడిగెను. ఆమె మాకంటె ముందే, "కాదు బాబూ" అనినది.

17,500 గిటారుతోడ, మెట్లు సరిచూచి తీగల యెత్తు తగ్గించుటకు 1,200. దళసరి సంచికి 1,500. గాలిలోని తేమ జూపు చిన్న యంత్రమునకు 400. వెరసి 20,600 రూపాయలు. ఇది చేతి సొమ్ము, అప్పు గాదు. గిటారునకు మొదటి గీత నాలుగవనాడే పడినది, కుర్చీకోడు తగిలి. అమ్మాయి మా ముఖము చూచినది. మేము పత్రిక చదువుకొనుచుంటిమి.

కట్టనక్కఱలేకపోయిన వాయిదాలలో మూడింటి సొమ్ము తీసి వీణను నూజివీడు పంపితిమి. మెట్లు క్రొత్త మైనముతో గట్టిరి. క్రొత్త తీగలు వేసిరి. అది తిరిగి వచ్చిన నాటి సాయంకాలము మా భార్య వంట ముగించి, తలుపు దగ్గఱగా వేసికొని, సరళీస్వరములనుండి మొదలుపెట్టినది. వ్రేలు తడబడుచుండెను. నడుమ నాపి, మొదటికి వచ్చి, మరల వాయించుచుండెను. ఈ మాఱు మేము తీర్పు చెప్పలేదు.

చదువరులారా! మీ యింట వాద్యము కొనవలసివచ్చినప్పుడు ముందుగా నున్నదానిని గొలిచి చూడుడు. నొప్పియని చెప్పిన పిల్లను సోమరియనక ముందు తీగ యెత్తును జూడుడు. వెల దాచి చెవితో వినుడు. వినగల చెవి మీ వంటయింటనే యుండవచ్చును. అప్పు చేసి తెచ్చిన వాద్యము యజమాని; చేతి సొమ్ముతో దెచ్చినది తోడు. దానిమీద గుడ్డ మాత్రము కప్పకుడు. మా యింట ఇప్పుడు రాత్రి తొమ్మిదింటికి ఆటోనగరపు సుత్తులు ఆగిన వెనుక, ఒక గదిలో గిటారు, ఒక గదిలో వీణ మ్రోగుచున్నవి. రెంటికిని శ్రుతి కలియదు. తలుపులు వేయుడని మేము చెప్పుట లేదు.